ఎండ ఉంది, కరెంటు లేదు

"కదులు."

"కదల."

"కృపా, మంచిగ చెప్తున్న. బోర్డు కాడికెల్లి కదులు."

"నేను గూడ మంచిగనే చెప్తున్న. ఆ వైరు కింద పెట్టు."

గుడ్లు పొదిగే పెట్టె మీద రెండో బొంత కప్పుతూ మొగులమ్మ కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. ఎవరి పక్షాన నోరు విప్పినా రెండోవారు మండిపడే వేళ అది. అందుకని బొంత అంచు సర్దింది. సర్దినదాన్నే మళ్లీ సర్దింది.

వడగండ్ల వాన అప్పుడే వెలిసింది. వాకిట్లో ఇంకా కరగని వడగండ్లు ఉప్పురాళ్లలా పడి ఉన్నాయి. చలిగాలి వీస్తోంది. ఆకాశం మాత్రం తనకేమీ తెలియనట్టు తేటపడి కూర్చుంది. ఎండ వచ్చి మిద్దె మీది సోలార్ పలకల మీద తళతళలాడుతోంది. తాండూరు పొలిమేరలోని ఆ వీధిలో అంతగా మెరిసే మిద్దె మరొకటి లేదు. ఆ మిద్దె కింద మాత్రం ఫ్యాను తిరగడం లేదు, బల్బు వెలగడం లేదు, పెట్టెలోని గుడ్లకు వేడి అందడం లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!

రాజేందర్ చేతిలో ఒక వైరుంది. దాని రెండు కొనలకూ పిన్నులే. నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో తనతోపాటు పనిచేసేవాడెవడో చెప్పిన ఉపాయం అది. ఒక కొన ఇన్వర్టర్‌లో గుచ్చి, రెండో కొన గోడకున్న సాకెట్‌లో గుచ్చితే ఇంటికంతా కరెంటు పారుతుందట. లైన్‌లో కరెంటు వచ్చిందనుకుని మిద్దె మీద నిద్రపోతున్న సోలార్ కూడా లేచి కూర్చుంటుందట.

"దాన్ని మోసం జేసుడే," అన్నాడు రాజేందర్. "ఒక్కసారి లేస్తే ఇంట్ల అన్ని నడుస్తయి. నీ పెట్టె, ఫ్రిజ్జు, ఫ్యాన్లు, అన్ని. అందరు చూస్తరు."

"అందరు చూసుడు ముఖ్యమా, గుడ్లు ముఖ్యమా?"

ఆ ప్రశ్న రాజేందర్‌కు సరిగ్గా పుండు మీదే తగిలింది. సోలార్ బిగించిన రోజున వీధి వీధంతా తిరిగి మిఠాయి పంచి, "ఇగ కరెంటు పోయినా మా ఇంట్ల పోదు" అని చెప్పినవాడు అతనే. ఎదురింటి కిష్టప్ప ఆ రోజు నుంచీ అతణ్ణి 'సూర్యుని అల్లుడు' అని పిలుస్తున్నాడు. ఆ మాట నమ్మే కదా కృపారాణి పోయినసారి పెట్టె నిండా గుడ్లు పెట్టింది! పగటిపూటే కరెంటు పోయింది. ఎండ మండిపోతున్నా మిద్దె మీదిది ఉలకలేదు, పలకలేదు. కరెంటు తిరిగి వచ్చేసరికి గుడ్లన్నీ చల్లబడి పాడైపోయాయి. పొదగమని గుడ్లిచ్చినవాళ్లలో ఒక్కరూ తిట్టలేదు. తిట్టకపోవడమే కృపారాణిని ఎక్కువ ఏడిపించింది.

"ఇంకొక్కసారి చెడినయంటే పెట్టె అమ్ముడే" అని ఆనాడే రాజేందర్ తేల్చి చెప్పాడు. ఇప్పుడున్నవి ఆ ఇంకొక్కసారి గుడ్లు. నేడో రేపో పిల్లలయ్యే గుడ్లు.

"అసలు మీ అమ్మ ఇన్వర్టర్ నా ఇంట్లకు ఎట్లొచ్చింది? ముందు గది చెప్పు," అన్నాడు రాజేందర్, మాట మారుస్తూ. టార్చిలైటు కోసం తల్లి మంచం కింద వెతికితే పాత చీర కప్పుకుని దొరికింది ఆ ఇన్వర్టరు, పక్కనే బ్యాటరీ. "ఆదివారం వికారాబాద్ చర్చికి పోత అంటివి."

"చర్చికి పోయిన. వచ్చేటప్పుడు తెచ్చిన."

"అంత బరువు ఒక్కదానివే తెచ్చినవా?"

"అమ్మ రైలెక్కించింది. ఈడ..." కృపారాణి ఆగిపోయింది.

రాజేందర్ నెమ్మదిగా తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీకు ఎర్కనా?"

మొగులమ్మకు అబద్ధమాడటం చేతకాదు. చేతనైనా ఈ వయసులో అంత శ్రమ ఎందుకనుకుంది. "స్టేషన్ కాడ ఆటో మాట్లాడింది నేనే," అంది. "పగలు నువ్వు డ్యూటీకి పోయినంక, మిద్దె మీది కరెంటుతోనే దాన్ని నింపినం."

"అత్తకోడండ్లు కలిసి నా కండ్లకు గంతలు కట్టిన్రన్న మాట. నా ఇంటికి కరెంటు మా అత్త పంపాలెనా? రేపు వికారాబాద్‌ల ఏమంటరు? రెబెక్క అల్లుడు గంత సోలార్ పెట్టుకొని గూడ ఇన్వర్టర్ అడిగిండు అనరా?"

"అడిగింది నువ్వు కాదు, నేను," అంది కృపారాణి. "మిషన్ కుట్టే దుకాణం బంద్ చేసినంక అమ్మ ఇంట్ల ఉత్తగ పడున్నది. బ్యాటరీ పాతదే గని పనిచేస్తది. కొత్తది కొనే తాకత్ మనకు లేదు. మిద్దె మీదిదంత మార్చి బ్యాటరీలతోని పెట్టుకునే తాకత్ అసలే లేదు. ఉన్నదానితోని నడుపుకుంటే తప్పేంది?"

"తప్పేం లేదు. అందుకే నడుపుత అంటున్న. కదులు."

"మెయిన్ బంద్ చేసినవా?"

"మెయిన్ బంద్ చేస్తే లైన్‌ల కరెంటు వచ్చింది ఎట్ల తెలుస్తది?"

కృపారాణి ముఖంలో రంగు మారింది. ఇంతసేపూ మొండిగా ఉన్న గొంతు ఒక్కసారిగా తగ్గింది. తగ్గిన ఆ గొంతే మొగులమ్మను ఎక్కువ భయపెట్టింది.

"ఇను. మిద్దె మీదిది చెడిపోయి ఆగలే. లైన్‌ల కరెంటు పోతే దానంతటదే ఆగుతది. దాన్ని గట్లనే తయారు చేసిన్రు. ఎందుకంటే ఆ టైంల ఎవలో ఒకలు పోల్ ఎక్కుతరు. మనింట్ల కెల్లి కరెంటు పోయి వాళ్లకు తాకొద్దు. బిగించినప్పుడే ఫిట్టర్ చెప్పిండు. నువ్వు ఫోటోలు దిగుతుంటివి."

"గీ చిన్న డబ్బాల కరెంటు పోల్ దాంక పోతదా?"

"మీటర్ దాటి, మూల మీది ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతది. అది దాన్ని పెద్దగ చేసి లైన్‌కిస్తది. రోజూ మనకు తగ్గించి ఇచ్చేది గదే. ఎదురు పోతే పెంచుతది."

"పోతే మెయిన్ బంద్ చేస్త తీయి. అప్పుడు సరేనా?"

"అప్పుడు గూడ కాదు. మీదిది లేస్తే మస్తు కరెంటు వస్తది. మన పెట్టెకు గంత అక్కర లేదు. మిగిలింది ఎటు పోవాలె? గీ డబ్బాలకే ఎదురొచ్చి దీన్ని కాలుస్తది. ఉన్న ఒక్క ఆధారం పోతది."

"అన్ని నీకే తెలుసు!"

"అన్ని తెల్వది. తెల్వంది అడిగిన." కృపారాణి బోర్డుకు ఆనించిన వీపు తీయలేదు. "ఇంకొకటి గూడ అడిగిన. ఇప్పుడు ఆ లైన్ మీద ఎవలున్నరో ఎర్కనా నీకు?"

"ఎవలుంటే ఏంది?"

"శ్రీను."

బొంత మీద మొగులమ్మ చెయ్యి ఆగిపోయింది.

శ్రీను ఆమె చిన్నకొడుకు. లైన్‌మెన్ల వెంట పోల్‌లెక్కే పని. పొద్దున రెండు జొన్నరొట్టెలు మూట కట్టుకుని పోయాడు. పెద్దకొడుకు చేతిలో వైరు, చిన్నకొడుకు తీగ మీద. నడుమ ఒక సాకెట్ రంధ్రం. ఆ ఇంటి కోడలు అడ్డం నిలబడకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ఆ తల్లికి ధైర్యం చాలలేదు.

"అబద్ధం," అన్నాడు రాజేందర్. "వాడు పెద్దేముల్ దిక్కు ఉన్నడు."

"పొద్దుగాల ఉండె. గాలికి ఈడ పోల్‌లు పడ్డయని పిలిపిచ్చిన్రు. ఇందాకనే ఫోన్ చేసిన. నమ్మకుంటే పోయి చూడు."

రాజేందర్ భార్యను చూశాడు. వైరును చూశాడు. దాన్ని నేల మీదికి విసిరి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు.

ఇంట్లో మాట్లాడుకోవడానికి తీరిక లేదు. కృపారాణి వంగి పెట్టె పిన్నును నేరుగా ఇన్వర్టర్‌లోనే పెట్టింది. గోడకూ దానికీ సంబంధం లేదు, మిద్దెకూ దానికీ సంబంధం లేదు. మీట నొక్కింది. ఇన్వర్టర్ ఒకసారి గుర్రుమంది. పెట్టెలోని చిన్న ఫ్యాను కదిలింది. అద్దంలోంచి పచ్చటి వెలుగు కనిపించింది.

అంతే పని. ఇంతసేపు జగడం దేనికోసమో, చేయవలసింది ఎంతో చూస్తే మొగులమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"జర ఫ్యాన్ గూడ పెట్టుకుందామా? ఉడకపోస్తున్నది నీకు," అంది. కోడలి మెడ మీద చెమట ధారలు కట్టింది, అంత చలిగాలిలోనూ.

"వద్దత్తమ్మా. ఫోన్ గూడ పెట్టొద్దు. గీ పెట్టె ఒక్కటే. బ్యాటరీ ముసలిది."

మొగులమ్మ తల ఊపింది. పొదుగుకు కూర్చున్న కోడి కూడా అంతే. రెక్కల కింద పట్టినన్ని గుడ్లే తీసుకుంటుంది. ఒకటి ఎక్కువ పెడితే కాలితో బయటికి నెడుతుంది. బుద్ధి తక్కువ మనిషే అన్నీ కావాలని రెక్కలు చాపి, చివరికి ఏదీ కాచుకోలేడు. ఈ మాట పైకే అంది.

"నీ కొడుకుకు చెప్పు గా మాట," అంది కృపారాణి. మొదటిసారి కొంచెం నవ్వింది.

ఈ పిల్ల ఇంటికొచ్చినప్పుడు మొగులమ్మకు ఏమీ నచ్చలేదు. ఆదివారం ప్రార్థనలు నచ్చలేదు, ప్రతిదానికీ ఎందుకని అడగటం నచ్చలేదు, కోడి లేకుండా పిల్లల్ని తీస్తానంటూ పెట్టె కొనుక్కురావడం అసలే నచ్చలేదు. ఇప్పుడు నేల మీద కూర్చుని అద్దంలోంచి వేడి చూపే ముల్లును చూసుకుంటున్న కోడలిని చూస్తే ఆమె గుండె నిండిపోయింది. అడిగి తెలుసుకోవడానికి సిగ్గుపడదు. తెలుసుకున్నదాని మీద మొగుడే వచ్చినా నిలబడుతుంది. తన కడుపున పుట్టినవాళ్లకు కూడా ఇంత గట్టిదనం లేదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకిప్పుడు ఏ బాధా లేదు.

"చిన్నమ్మా..." గుమ్మంలో ఎవరో పిలిచారు.

ఎదురింటి మల్లీశ్వరి. కిష్టప్ప భార్య. కొంగు తలమీద కప్పుకుని, తమ ఇంటి వైపు ఒకసారి వెనక్కి చూసి లోపలికొచ్చింది.

"మా గుడ్లు ఎట్లున్నయి?"

మొగులమ్మ బొంత తొలగించి అద్దంలోంచి చూపింది. ఏ గుడ్లు ఎవరివో తెలియడానికి మొగులమ్మే బొగ్గుతో గుర్తులు పెట్టింది. తన అత్త దగ్గర నేర్చుకున్న అలవాటు. ఒకరికి గీత, ఒకరికి చుక్క, మల్లీశ్వరికి సున్న. పుట్టిన పిల్లల్లో సగం గుడ్లిచ్చినవారికి, సగం పొదిగించినవారికి. ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, కోడి బదులు పెట్టె వచ్చింది, అంతే.

"ఎర్రకోడిని కుక్క ఎత్తుకపోయింది చిన్నమ్మా. దాని గుడ్లు ఇగ గివ్వే. మా ఆయనకు ఇచ్చిన సంగతి చెప్పలే. పోయినసారి చెడినంక, మళ్ల ఇస్తే కాళ్లిరగ్గొడ్త అన్నడు."

"ఫికర్ చెయ్యకక్కా," అంది కృపారాణి. ఆమె గొంతులో ఉన్న ఫికర్ మొగులమ్మకు వినిపించింది.

మల్లీశ్వరి వెళ్లిన కాసేపటికి రాజేందర్ వచ్చాడు. కాళ్లకు బురద. గడపలో కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగాడు. చెంబు పక్కన పెట్టి, నేల మీది వైరును దగ్గరికి లాక్కున్నాడు.

"కటింగ్ ప్లేరు ఎక్కడుంది?"

కృపారాణి తెచ్చి ఇచ్చింది. అతను వైరుకు ఒక కొన కత్తిరించాడు. తెగిన పిన్నును అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"పైన ఉన్నడు," అన్నాడు. "తీగెను రెండు చేతులతోని పట్టుకొని ఉన్నడు. కింద కెల్లి పిలిస్తే నన్ను చూసి నవ్విండమ్మా."

మొగులమ్మ వెళ్లి కొడుకు తల మీద చెయ్యి వేసింది. రాజేందర్ ఆ పిన్నును చొక్కా జేబులో వేసుకున్నాడు.

"కరెంటు ఎప్పుడొస్తదంట?" కృపారాణి మెల్లగా అడిగింది.

"ఇంక పోల్‌లు నిలబెట్టాలెనట. చీకటి పడ్డంక గూడ చెప్పలేమన్నడు." అతను పెట్టె వైపు చూశాడు. ఒక్క పెట్టె వెలుగుతోంది. మిగతా ఇల్లంతా మసక. "గిట్లనే పెట్టాల్సుండె మొదలు. నువ్వు చెప్పినట్టే. గింతే చాలు."

కృపారాణి అతని పక్కన, కొంచెం ఎడంగా, గడపకు రెండోవైపు కూర్చుంది. ఆ ఎడం కోపంతోనో, అలసటతోనో మొగులమ్మ తేల్చుకోలేకపోయింది.

అప్పుడే ఇన్వర్టర్ కూత పెట్టింది.

కీక్. ఆగింది. మళ్లీ కీక్.

ముగ్గురూ దాన్నే చూశారు. "బ్యాటరీ దిగుతున్నది," అంది కృపారాణి. "అమ్మ చెప్పనే చెప్పింది, ఎక్కువసేపు నిలవదని. గీ పిల్లలు దిగితే అమ్మి కొత్త బ్యాటరీ తెద్దామనుకున్న."

మొగులమ్మ అద్దానికి ముఖం ఆనించి చూసింది. ఒక గుడ్డు పెంకు మీద సన్నటి చీలిక. ఆ చీలిక పక్కన బొగ్గు సున్న. లోపలినుంచి ముక్కు పొడుస్తోంది.

"మల్లీశ్వరిది ఒకటి పలుగుతున్నది బిడ్డా!"

కోడలిని ఆమె బిడ్డా అనడం అదే మొదలు. అన్నాక ఆమెకే తెలిసింది. కృపారాణికి కూడా తెలిసింది. ఇద్దరికీ దాని సంగతి చూసుకునే వేళ కాదు.

"ఇప్పుడేం చెయ్యాలె?" అన్నాడు రాజేందర్.

"ఇంకో బ్యాటరీ ఉంటే తీగలు మార్చొచ్చు. ఇది ఒక్క బ్యాటరీతోని నడిచేదే. ట్రాక్టర్‌దైనా సరిపోతది."

వీధిలో ట్రాక్టరున్నది ఒక్క ఇంట్లోనే. ముగ్గురికీ తెలుసు. అది కిష్టప్ప ఇల్లు. ఇన్వర్టర్ మాత్రం ఆగకుండా కూస్తోంది.

"నేను పోయి అడుగుత," అంది కృపారాణి లేస్తూ.

"వద్దు." రాజేందర్ లేచి నిలబడ్డాడు. "గా మాటలన్ని చెప్పింది నేను. అడిగేది గూడ నేనే."

అతను వాకిలి దాటాడు. మొగులమ్మ గడపలోకి వచ్చింది. ఎదురుగా కిష్టప్ప తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ట్రాక్టర్ దగ్గరే ఉన్నాడు. రాళ్ల లోడుకు బయల్దేరే వేళ. వీధి అరుగుల మీద నలుగురైదుగురున్నారు. కరెంటు లేని సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు!

"ఏంది సూర్యుని అల్లుడా," అన్నాడు కిష్టప్ప, అందరికీ వినపడేలా. "మామ గూకిండా ఏంది? నీ ఇంట్ల గూడ చీకటేనా?"

అరుగుల మీద నవ్వులు. మొగులమ్మకు కొడుకు వీపు మాత్రమే కనపడుతోంది. ఆ వీపు బిగుసుకుంది. ఇక తిరిగొచ్చేస్తాడనుకుంది. పొగరు వాడికి తండ్రి ఇచ్చిన ఆస్తి.

"చీకటే అన్నా," అన్నాడు రాజేందర్. గొంతు తగ్గించలేదు. "లైన్‌ల కరెంటు పోతే మా మిద్దె మీదిది పనిచెయ్యదు. నేను తెల్వక గొప్పలు చెప్పిన. తప్పు నాది. లోపట కృప గుడ్లు పెట్టింది, పిల్లలు పలుగుతున్నయి. నీ ట్రాక్టర్ బ్యాటరీ ఇయ్యాల్టికి ఇయ్యి."

నవ్వులు ఆగిపోయాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కొడుకు నోటినుంచి ఇంత మంచి మాట మొగులమ్మ ఇదివరకు వినలేదు. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. కృపారాణి వెనక వచ్చి నిలబడి అంతా విన్నది. అత్త భుజం గట్టిగా పట్టుకుంది.

కిష్టప్ప తాళంచెవి తిప్పడం ఆపాడు. "ఇచ్చి? నా లోడు ఎట్ల పోవాలె? ఎవలియో గుడ్లకు నా కిరాయి పోగొట్టుకోవాల్నా?"

"ఎవలియో కాదు."

మాట తలుపు దగ్గరినుంచి వచ్చింది. మల్లీశ్వరి బయటికొచ్చి నిలబడింది. కొంగు ఇప్పుడు తలమీద లేదు, నడుముకు బిగించి ఉంది.

"గా పెట్టెల మన ఎర్రకోడి గుడ్లున్నయి. నేనే ఇచ్చిన. నీకు చెప్పకుంటనే ఇచ్చిన."

కిష్టప్ప భార్య వైపు తిరిగాడు. వీధిలో ఎవరూ కదల్లేదు. అతని చేతిలో తాళంచెవి, ఎదురుగా భార్య, వెనక రాజేందర్. ఎటు చూడాలో అతనికే తెలియనట్టు నిలబడిపోయాడు.

మొగులమ్మ వెనక్కి తిరిగింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటా అని చూస్తే, ఇన్వర్టర్ కూత ఆగిపోయింది. పెట్టెలో వెలుగు లేదు. ఫ్యాను చివరి చుట్టు తిరిగి నిలిచింది.

"అత్తమ్మా!" అంది కృపారాణి.

మొగులమ్మ పరుగున వెళ్లి బొంతలు లాగి పెట్టె మీద పరిచింది. పరిచే ముందు తలుపు తెరిచి చీలిక పడిన ఆ ఒక్క గుడ్డునూ చేతిలోకి తీసుకుంది. చీరకొంగులో చుట్టి, పొట్టకు ఆనించుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టి నేల మీద కూర్చుంది.

బయటినుంచి ట్రాక్టర్ కదిలిన చప్పుడు ఇంకా రాలేదు. ఆమె పొట్ట మీద, గుడ్డలోంచి, ముక్కు పొడుస్తూనే ఉంది.